గోడకూ వ్యానుకూ మధ్య కటా

నా చిన్నప్పుడు, ఇంటింటా కంప్యూటర్ కోర్సుల మాటే నడుస్తున్న రోజుల్లో, నేను ఫిల్మ్ నగర్‌లో కరాటే నేర్చుకునేదాన్ని. నేర్పింది పక్కింటి అక్క, వాళ్ళ మేడ మీద. బెల్టు పరీక్ష తప్పితే కరాటే మానేసి కంప్యూటర్ క్లాసులో చేరాల్సిందేనని అమ్మ తేల్చేసింది. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

పరీక్షలో వేయాల్సిన కటా నాకు నచ్చేది కాదు. కటా అంటే ఎదుట లేని శత్రువుతో, ముందే నిర్ణయించిన వరసలో చేసే పోరు. ఇందులో ముందుకు ఒక్క అడుగూ లేదు, పీతలా పక్కకే జరగాలి. నిజం కొట్లాటలో ఇలా ఎవరు జరుగుతారు? మా సందు చివర షూటింగుల్లో ఫైటర్లు గాలిలో గిరగిరా తిరగడం రోజూ చూసేదాన్ని. పరీక్ష పెట్టే మాస్టారు మెచ్చుకుంటారని మధ్యలో అలాంటి తన్నొకటి కలిపాను.

పరీక్ష ముందురోజు అక్క అది చూసింది. తిట్టలేదు. కిందికి తీసుకెళ్ళి, ప్రహరీగోడకూ అక్కడ ఆపిన షూటింగు వ్యానుకూ మధ్య ఇరుకులో నన్ను నిలబెట్టింది.

"గిప్పుడు నీ మీదికొస్త. నీకు నచ్చినట్టు కొట్టు," అంది.

నిజంగానే పక్కనుంచి మీదికొచ్చింది. గిర్రున తిరిగి తన్నబోతే మడమ వ్యానుకు కొట్టుకుని ప్రాణం పోయినంత పనైంది. ముందు వ్యాను, వెనక గోడ. ఏడుపొచ్చింది. ఇంకేం తోచక పక్కకు జరిగి, మోచెయ్యి మడిచి ఆమె చేతిని ఆపాను. నేను ఎగతాళి చేసిన కటాలో మొదటి అడుగు అదే.

"గీ కటా మొత్తం గిసుంటి ఇరుకు జాగల కొట్లాటనే. దీంట్ల ఎగిరి తంతే ఎట్ల? మైదానం కటాలు వేరే ఉన్నయ్ గదా," అంది నా మడమ రుద్దుతూ.

"రేపు భయంతో మర్చిపోతే అక్కా?"

"భయపడుకుంటనే చెయ్యి. జాగ మాత్రం మర్వకు."

మర్నాడు జూబ్లీ హిల్స్‌లోని హాల్లో భయపడుతూనే కటా మొదలుపెట్టాను. అంత విశాలమైన చోట వీపుకు గోడ తగులుతోందనుకుని, పక్కకే జరిగాను. నేను కలిపిన ఆ తన్ను మానేశాను. పాసయ్యాను. ఇంటికి తిరిగొచ్చే దారంతా అమ్మ కంప్యూటర్ మాట ఎత్తలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. భయం నన్ను పూర్తిగా ఎప్పుడూ వదల్లేదు. కానీ ఏ పాత పద్ధతైనా అర్థంలేనిదిగా కనిపిస్తే, దాన్ని సరిదిద్దబోయే ముందు, దాన్ని పెట్టినవాళ్ళు ఎక్కడ నిలబడి కొట్లాడారో చూస్తాను.