అక్క గ్రూపు వదిలేసిన రోజు

మాటలు మానేసిన తమ్ముళ్ళిద్దరూ కనీసం ఫోన్లోనైనా పలకరించుకుంటారని, బట్టలు కుట్టే అక్క ఇంటివాళ్ళందరికీ ఒక గ్రూపు పెట్టింది. పలకరింపులు అటుంచి దెప్పిపొడుపులు మొదలయ్యాయి. పెద్ద తమ్ముడు ఏ మాట రాసినా చిన్నవాడు వెక్కిరించే బొమ్మ పెట్టేవాడు. ఆ వెంటనే ఇద్దరూ విడివిడిగా ఆమెకే ఫోన్ చేసేవారు.

"వాడికి నువ్వే బుద్ధి చెప్పక్కా!"

ఆ రోజు కూడా ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, సర్దిచెబుతూనే చొక్కా గుడ్డ కత్తిరించింది. తీరా చూస్తే రెండూ కుడిచేతులే. ఇంకో చేతికి గుడ్డ మిగల్లేదు. ఒళ్ళు మండి గ్రూపులోంచి బయటికొచ్చేసింది.

కాసేపటికే తమ్ముళ్ళిద్దరూ ఆమె బట్టలు కుట్టే కొట్టుకు పరుగెత్తుకొచ్చారు.

"నీవల్లే అక్క వెళ్ళిపోయింది," అన్నాడు పెద్దవాడు.

"నావల్లా? ముందు మొదలెట్టింది ఎవరు?"

ఆమె ఆ చేతుల ముక్కలు వాళ్ళ ముందు పడేసింది. "నోళ్ళు మూసుకుని ఇలాంటి గుడ్డ వెతికి పట్రండి. ఇద్దరూ కలిసే వెళ్ళండి."

సాయంత్రానికి తెచ్చారు. రంగు కలవలేదు.

"నేను వద్దంటూనే ఉన్నానక్కా, వీడే..." అన్నాడు చిన్నవాడు.

అక్క కత్తెర బల్ల మీద విసిరేసి తల పట్టుకుంది.