తేరు రాని వీధిలో ముగ్గులు

ముందుగా క్షమించండి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో నాకు సరిగా రాదు. మా ఊరి బళ్ళో అయిదో తరగతితో ఆపేశాను. కాగితం మీద రాసిస్తే మా కోడలు సరిచేసి ఈ బ్లాగులో ఎక్కిస్తోంది. ఇంకా తప్పులుంటే అవి నావే.

పోయిన మరియమాత పండక్కి కోనసీమ వెళ్ళొచ్చేను. మలికిపురం నుంచి లోపలికి వెళ్తే మా ఆవిడ పుట్టిన ఊరు. పేరు రాయను. అక్కడ పండగ సాయంత్రం మరియమ్మ తల్లి తేరు గుడి దగ్గర బయల్దేరి, ఊరంతా తిరిగి కాలవ వంతెన దాకా వస్తుంది. వంతెన అవతల పేట. మా ఆవిడ వాళ్ళది ఆ పేటే. రెండు గట్లవాళ్ళూ ఒకే గుడికి వెళ్ళే క్యాథలిక్కులే. అయినా తేరు మాత్రం వంతెన దగ్గర వెనక్కి తిరిగిపోతుంది. తాతల నాటి నుంచీ అంతే. ఈ ఏడు అక్కడి ఫాదర్ గారు తేరు పేటలోకి రావలసిందేనని బిషప్పుగారికే ఎదురు చెప్పేరని కబురొచ్చింది. మా ఆవిడకి ఆయాసం, ప్రయాణం చెయ్యలేదు. "మీరెళ్ళి చూడండి. దాటితే ఫోను చెయ్యండి. దాటకపోయినా చెయ్యండి" అంది. నాకు జనంలోకి వెళ్ళాలంటే బెరుకు. కానీ బిషప్పుగారికి ఎదురు చెప్పే ఫాదర్ ఎలా ఉంటారో చూడాలనిపించింది.

మాది నరసాపురం దగ్గర పల్లె. పొద్దున్నే రేవుకి వెళ్ళి పంటు ఎక్కేను. పంటంటే రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచినది. మోటారు సైకిళ్ళూ, కార్లూ కూడా ఎక్కుతాయి. టిక్కెట్టు ఓ టీ ఖరీదంతే. గోదారి దాటటానికి పావుగంట పట్టింది. అవతల సఖినేటిపల్లి రేవులో షేరు ఆటోలు ఉంటాయి. మలికిపురానికి నా దగ్గర ముప్పై తీసుకున్నాడు. అక్కడ ఇంకో ఆటో మారేను. ఆ కుర్రాడు కువైట్లో డ్రైవరు పని చేసొచ్చేడంట.

"పండక్కేనాండీ?" అన్నాడు.

"ఆయ్."

"ఏ గట్టున దిగుతారండీ? ఈ ఏడు చూసుకుని దిగాలి. ఇటు దిగితే బిషప్పుగారి పార్టీ, అటు దిగితే ఫాదర్ గారి పార్టీ."

"మా అత్తారిల్లు అటు గట్టునండి."

"అయితే ఫాదర్ గారికి ఓ ఓటు పెరిగిందండి" అని నవ్వేడు. గేరు మార్చి, "కువైట్లో పూజకి అన్ని దేశాలవాళ్ళం ఒకే బల్ల మీద ఇరుక్కుని కూచునేవాళ్ళమండి. ఇక్కడికొస్తే మళ్ళీ గట్లు" అన్నాడు.

పేటలోకి వెళ్ళేసరికి వీధంతా కడిగి ఉంది. వంతెన మొదలు నుంచి చివరి ఇంటి దాకా ముగ్గులే. ఏటా తేరు వచ్చే రోజున వేస్తారు. ఏటా తేరు రాదు. మా ఆవిడకి వరసకి చెల్లెలు సుగుణమ్మ, వంటలు చేయించే మనిషి, పొయ్యి దగ్గర చెమటలు తుడుచుకుంటోంది. "రాని తేరుకి ముగ్గులేంటమ్మా?" అన్నాను. "వచ్చేక వేద్దామంటే అప్పుడు టైముండదు కదా బావగారూ" అంది. నేను ముగ్గుల వంక చూస్తూ నిలబడ్డాను. "బావగారికి మామూలుగానే రెండు మాటలు. అవీ అయిపోయినట్టున్నాయి" అని పక్కావిడతో అంది.

పాత లుంగీ కట్టుకుని ఆడవాళ్ళ మధ్య ఉల్లిపాయలు తరుగుతున్న ఒక బక్కమనిషిని చూపించి, ఆయనే ఫాదర్ గారంది. నేను నమ్మలేదు. గుళ్ళో పెద్దపూజ పెట్టుకుని ఇక్కడేంటండీ అని నెమ్మదిగా అడిగేను.

"పొద్దున్న ఇక్కడే చెట్ల కింద పూజ చెప్పేశానండి. పెద్దపూజకి బిషప్పుగారు వేరే పెద్ద ఫాదర్ గారిని పంపేరు. తేరు దాటితే ఎదురెళ్తాను. దాటకపోతే ఇక్కడే ఉంటాను. ఆ మాట బిషప్పుగారి ముందే చెప్పొచ్చేను."

"ఆయనేమన్నారండి?"

"ఓపిక పట్టమన్నారు. ఈ పేట పట్టినంత ఓపిక గుళ్ళో ఎవరు పట్టేరండీ?" కత్తి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నారు, ఉల్లిపాయలకే. "ఆ వంతెన పంచాయితీది. ఎవరైనా నడవొచ్చని చట్టం ఉంది. పేట పిల్లలు దాని మీదే బడికెళ్తారు, మేకలు దాని మీదే వెళ్తాయి. ఒక్క మరియమ్మ తల్లికే హక్కు లేదంటే ఆ తల్లి తరఫున ఎవరో ఒకరు అడగాలి కదండీ."

"మిమ్మల్ని ఏమైనా చేస్తారేమోనండి."

"మారుస్తారు. పూజ చెప్పొద్దని కూడా అనొచ్చు" అన్నారు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గింది. ఫాదర్‌కి పూజ లేకపోతే ఇంకేముందని నాకు అనిపించింది. మీ పేరు ఎక్కడా చెప్పనండి అన్నాను. "చెప్పండి, దాచేదేముంది" అన్నారు. రాయనిది నేనే.

మధ్యాన్నం కోడికూర, అన్నం తిని వంతెన దాటి గుడి వైపు వెళ్ళేను. కమిటీ పెద్దాయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఉన్నారు. మర్యాదస్తుడే, మంచినీళ్ళు ఇప్పించేరు. "మేం ఎవర్నీ గుళ్ళోకి రావద్దన్లేదండీ. పేటవాళ్ళు ముందు వరసలోనే కూచుంటారు. తేరంటారా, అది మా తాతలు చేయించింది. ఎక్కడ తిరగాలో వాళ్ళే పెట్టి పోయేరు" అన్నారు. పోయినవాళ్ళని అడగటానికి లేదు. దణ్ణం పెట్టి వచ్చేశాను.

పొద్దు వాలేసరికి బ్యాండు మేళంతో తేరు వంతెన దగ్గరికి వచ్చింది. పేటంతా ఇటు నిలబడ్డారు, ఫాదర్ గారు ముందు. ఎప్పుడూ అక్కడే తేరుతో వచ్చే ఫాదర్ పేట వైపు చెయ్యెత్తి దీవిస్తే వీళ్ళు మోకరిస్తారు. ఈసారీ పెద్ద ఫాదర్ గారు చెయ్యెత్తేరు. ఇటు ఒక్కరూ మోకరించలేదు. ఫాదర్ గారు అలా చూస్తూ నిలబడ్డారంతే. బ్యాండువాళ్ళు కూడా ఆపేశారు. తేరు తిప్పండని కమిటీ పెద్దాయన అన్నారు. తిప్పేరు.

అప్పుడు అటునుంచి ఒక ముసలావిడ కొవ్వొత్తి పట్టుకుని వంతెన ఎక్కింది. కమిటీ పెద్దాయన అక్కగారంట.

"అక్కా, ఇటు" అన్నారాయన.

"దారి నాకు తెలుసురా. నువ్వెళ్ళు, నేను తర్వాతొస్తాను."

ఆవిడ వెనక ఇద్దరు, ఆ తర్వాత ఇంకొందరు. చాలామంది తేరుతోనే వెళ్ళిపోయేరు, అబద్ధం రాయకూడదు. ఆవిడ వంతెన దిగి ముగ్గు ముందు ఆగిపోయింది. ఎటు నడిచినా ముగ్గే, పక్కకి జరిగితే కాలవ. సుగుణమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "తొక్కండమ్మా, తొక్కటానికే వేశాం" అంది. ఆవిడ చెప్పులు విప్పి తొక్కింది. నాలుగిళ్ళు దాటేక, "ఫాదరూ, ఎక్కడైనా బల్ల ఉందా, మోకాళ్ళు పీకేస్తున్నాయి" అంది. ఫాదర్ గారే పరిగెత్తి తెచ్చేరు. వచ్చినవాళ్ళూ పేటవాళ్ళూ కలిసి మరియమ్మ పాటలు ఎత్తుకున్నారు.

నేను ఓ పక్కకెళ్ళి మా ఆవిడకి ఫోను చేశాను.

"దాటిందా?"

"తేరు దాటలేదు."

"మరి ఆ పాటలేంటి?" అంది. అటు గట్టువాళ్ళు కొందరు వచ్చేరని చెప్పేను. "మా ఇంటి దాకా వచ్చేరా?" అంది. వచ్చేరన్నాను. ఫోను పెట్టెయ్యకుండా అలాగే పట్టుకోమంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను.

ఫాదర్ గారు గెలిచేరో ఓడేరో నాకు తెలీదు. తేరు గుళ్ళోకి వెళ్ళిపోయింది, పెద్దలు పెద్దల్లాగే ఉన్నారు. వారం తిరక్కుండా ఆయన్ని దూరపు ఊరికి మార్చేరని సుగుణమ్మ చెప్పింది. పైవాళ్ళకి ఎదురు చెప్పిన మనిషిని నేను దగ్గరగా చూడటం ఇదే మొదలు. కోపంగా ఉంటారనుకున్నాను. ఆయన ఆ రాత్రి అందరికీ వడ్డించి ఆఖర్న తిన్నారు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. పంటు చీకటి పడితే ఉంటుందని నమ్మకండి, గోదారి పోటు మీద ఉన్నా ఆపేస్తారు. తిరిగొచ్చే పంటు ఎప్పటిదాకానో పొద్దున్న రేవులోనే అడిగి ఉంచుకోండి. తప్పితే రాజోలు వైపు వెళ్ళి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. నేను అలాగే వచ్చేను.

ఆ తర్వాత సుగుణమ్మ ఫోను కలవటం లేదు. ఫాదర్ గారు కొత్త ఊరు వెళ్ళేరో, పేటలోనే ఉండిపోయేరో, ఆయన్ని పూజ చెప్పనిస్తున్నారో లేదో తెలీటం లేదు. ఇది చదివినవాళ్ళలో అటువైపు వాళ్ళుంటే కింద నాలుగు ముక్కలు రాయండి. తొందరగా రాయండి. మా ఆవిడ రోజూ అడుగుతోంది.