మాంగ్ ఎంతిస్ పీకిన ప్లగ్గు

పేరు: ఎంతిస్ సుతార్యా. వయస్సు: అరవై మూడు సంవత్సరాలు. వృత్తి: చెప్పుల అట్టలు కోయడం, ప్రస్తుతం విశ్రాంతి. పరిచయం: ఆయన బోగోర్ పట్టణం అంచున ఉన్న మా సందుకు కాపురం వచ్చిన నాటి నుండి, అనగా ఇరవై ఆరు సంవత్సరాలుగా.

సందులో ఆయనను పూర్తి పేరుతో పిలిచేవారు లేరు. అందరికీ చిన్నాన్న వరస, అంటే మా పిలుపులో మాంగ్. మాంగ్ ఎంతిస్ అంటేనే పలుకుతారు. మధ్యాహ్నం దాటగానే సలాక్ కొండ నల్లబడటం, వెనువెంటనే ఉరుములు దిగటం మాకు నిత్యకృత్యం. ఆ వేళకు సందులో సగం ఇళ్లకు తాళాలు వేసి ఉంటాయి, మనుషులు చెప్పుల కార్ఖానాల్లో ఉంటారు. అందుచేత తాళంచెవులన్నీ ఒక తోలు వారుకు గుచ్చి మాంగ్ ఎంతిస్ నడుముకు కట్టుకునేవారు. తొలి ఉరుము వినబడగానే "పీకండి! పీకండి!" అని కేక వేస్తూ సందు పొడవునా పరుగు తీసేవారు. ఆ కేకకు ఇళ్లలో ఉన్నవారు టీవీ ప్లగ్గు పీకి, పిడుగును పిలుస్తుందని అద్దం మీద గుడ్డ కప్పేవారు. తాళం వేసిన ఇళ్లలో ఆ పని ఆయనే చేసేవారు. ఇందుకు ఆయన ఎన్నడూ ఏమీ పుచ్చుకోలేదు. ఎవరైనా వేయించిన టోఫూ పెడితే మాత్రం, గుమ్మంలో నిలబడే తినేవారు.

సందు మధ్యలో ఇమాస్ అనే ఆమె ఇల్లు ఉంది. పెళ్లి శుభలేఖలను ఇంట్లోనే కంప్యూటర్ మీద తీర్చి అచ్చుకు పంపి జీవిస్తుంది. ఒకనాడు ఆమె కరెంటు కుక్కర్లో అన్నం పెట్టి, అచ్చు కార్యాలయానికి బయలుదేరింది. ఆమె సందు మలుపు తిరిగిందో లేదో ఉరుము దిగింది. మాంగ్ ఎంతిస్ తాళం తీసుకుని లోపలికి వెళ్లారు. బీరువా వెనుక రెండు నల్ల తీగలు పెనవేసుకుని ఉన్నాయి. వంగి చూడటానికి మోకాలు సహకరించలేదు. చేతికి అందిన ప్లగ్గును పీకి, పక్కింటికి పరుగెత్తారు. ఆయన ఆ ఇంట్లో ఉండగానే సందు చివరి స్తంభం మీద పిడుగు పడింది.

వాన వెలిశాక, మనసు ఊరుకోక, తిరిగి వచ్చి చూశారు. గది నిండా కాలిన వాసన. తాను పీకిన తీగ వెంట చూపు పోనిస్తే అది కుక్కర్ దగ్గర ఆగింది. కంప్యూటర్ ప్లగ్గు గోడకే ఉంది. ఆ క్షణాన ఆయన చేసిన పని ఇది: కుక్కర్ ప్లగ్గును మళ్లీ గోడకు పెట్టి, కంప్యూటర్ ప్లగ్గును పీకి నేల మీద పడవేశారు. అరవై ఏళ్లు దాటిన తన చేతులు అంత వేగంగా, అంత దొంగతనంగా కదలగలవని ఆయనకు అంతవరకూ తెలియదు.

సాయంత్రం కాలిపోయిన కంప్యూటర్ చూసి ఇమాస్ అడిగింది. "మాంగ్, ప్లగ్గు పీకారు కదా?"

"పీకాను నెంగ్," అన్నారు ఆయన, ఆడపిల్లలను ముద్దుగా పిలిచే ఆ పిలుపుతోనే, ఆమె ముఖం చూడకుండా. "పిడుగు ఫోను తీగ గుండా వచ్చి ఉంటుంది."

ఆమె తల ఊపి లోపలికి వెళ్లింది. సందు మాత్రం ఆ మాటను పట్టుకుంది. మాంగ్ ఎంతిస్ స్వయంగా పీకినా కాలిందంటే పీకడం దేనికి? మర్నాడు ఉరుముకు ఆయన కేక వేస్తే ఒక్క తలుపైనా కదలలేదు. టీవీలన్నీ మోగుతూనే ఉన్నాయి. తన చిన్న అబద్ధం ఇంటింటా గోడకు తగులుకుని ఉండటం ఆయన కళ్లారా చూశారు. ఈసారి పిడుగు ఎవరి ఇంట్లో దిగినా ఆ పాపం తనదేనని ఆయనకు అర్థమైంది.

ఆ ఆదివారం ఇమాస్ కంప్యూటర్ పెట్టె విప్పి కూర్చుని, దీపం పట్టుకోవడానికి ఆయననే పిలిచింది. శుభలేఖలు మడత పెట్టడానికి పొరుగింటి ఎంచుమ్ కూడా వచ్చింది. ఆమె చేతులకు ఎంత పని ఉన్నా నోటికి విరామం ఉండదు.

ఇమాస్ ముందుగా మోడెమ్ ఊడదీసి చూపింది. "దీన్ని నిన్న తమ్ముడి కంప్యూటర్లో పెట్టి చూశాను మాంగ్. శుభ్రంగా పనిచేస్తోంది. ఫోను తీగ గుండా వచ్చి ఉంటే ముందు పోవాల్సింది ఇదే కదా."

దీపం కొద్దిగా కదిలింది.

"సరిగ్గా పట్టుకో మాంగ్," అంది ఎంచుమ్. "పెళ్లిచూపుల్లో కాఫీ పళ్లెం పట్టినట్టు ఆ వణుకేంటి?"

తరువాత ఇమాస్ కరెంటు వచ్చే డబ్బా విప్పింది. లోపల మసి. ఒక ముక్క ఉబ్బి పగిలి ఉంది. దాని స్థానంలో తమ్ముడు ఇచ్చిన పాత డబ్బా బిగించి మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. దాని మీద బంగారు అంచుల శుభలేఖలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

"అబ్బ, బతికింది!" అంది ఎంచుమ్. "అయితే పిడుగు గోడలోంచే వచ్చిందన్నమాట. పీకి పడేసిన ప్లగ్గులోకి కూడా దూరిందంటే అది మామూలు పిడుగు కాదే తల్లీ! అందుకే నేను పీకడం మానేశా. పిల్లలు ఇప్పుడు కూడా టీవీ ముందే ఉన్నారు."

కొండ మీద ఉరిమింది. మాంగ్ ఎంతిస్ కేక వేయబోయి నోరు తెరిచారు. వచ్చింది వేరే మాట.

"నేను పీకింది కుక్కర్‌ది," అన్నారు. "కంప్యూటర్‌ది కాదు. తర్వాత వచ్చి మార్చాను."

ఎంచుమ్ పకపకా నవ్వింది. "అన్నాన్ని కాపాడావా మాంగ్?" అంటూనే ఆయన ముఖం చూసి ఆగిపోయింది. మరో ఉరుము వినబడగానే ఒళ్లోని శుభలేఖలు కింద పడేసి, "ఒరేయ్, టీవీ పీకండర్రా!" అని ఇంటికి పరుగెత్తింది.

"నాకు తెలుసు మాంగ్," అంది ఇమాస్ నెమ్మదిగా. "బయలుదేరే ముందు పెట్టిన అన్నం, నేను సాయంత్రం వచ్చేసరికి ఇంకా పొంగుతూనే ఉంది. అంతసేపు ఉడికే బియ్యం నేనెప్పుడైనా కొన్నానా? మీరే చెప్తారని చూశాను."

ఆమె తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవారు. అన్ని రోజులూ ఎదురుపడినప్పుడల్లా నవ్వుతూ పలకరించిన ఆ ముఖం వెనుక ఈ ఎరుక ఉన్నదని తలచుకోగానే కూర్చున్న చోట తల ఎత్తలేకపోయారు. ఇమాస్ ఆ మాట అనేసి, లేచి కంప్యూటర్ ప్లగ్గు పీకింది. ఆయన తోలు వారు విప్పి, తాళంచెవులు బల్ల మీద పెట్టి, అప్పుడే మొదలైన వానలోనే వెళ్లిపోయారు.

నాటి నుండి ఆయన బయటకు రావడం తగ్గింది. ఉరిమితే కిటికీ తెర కదులుతుంది గానీ తలుపు తెరుచుకోదు. సందులో మళ్లీ అందరూ పీకుతున్నారు, అయితే ఎవరికి వారు, ఆలస్యంగా. కొందరు కుర్రవాళ్లు ఆయనను "పచ్చన్నం మాంగ్" అంటున్నారు. ఇమాస్ తన కంప్యూటర్ ప్లగ్గుకు, వంగకుండానే కనిపించేలా, ఎర్ర గుడ్డపీలిక కట్టింది.

కావున సందు పెద్ద గారికి సవినయంగా మనవి చేయునది ఏమనగా: పైన పేర్కొన్న ఎంతిస్ సుతార్యా అబద్ధమాడిన మాట వాస్తవం, దానిని ఇందులో దాచలేదు. ఎవరూ నిలదీయక మునుపే ఆ మాటను తన నోటితో చెప్పుకున్నదీ వాస్తవమే. ఇమాస్ అప్పగించగా ప్రస్తుతం తమ వద్ద ఉన్న తాళంచెవుల వారును తామే స్వయంగా ఆయన ఇంటికి తీసుకుని వెళ్లి, ఈ వానలు ముదరక ముందే ఆయన చేతికి తిరిగి ఇవ్వవలసిందిగానూ, ఆ సమయమున అన్నం ప్రస్తావన ఎవరూ తేకుండా చూడవలసిందిగానూ ప్రార్థన.