క్షయ కాదంట

మా మామగారికి వీపులో సూది గుచ్చి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీళ్లు తీయడం నరసరావుపేట డాక్టరు మొదలుపెట్టేనాటికే ఇంట్లో మేమంతా తీర్పు చెప్పేసుకున్నాం. దగ్గు, ఆయాసం, మనిషి చిక్కిపోవడం. ఇంకేముంది, క్షయ. యుద్ధం నడుస్తున్న రోజులవి. క్షయ అని తెలిస్తే ఆ గడప ఎవరూ తొక్కేవారు కాదు. అందుకని మా అత్తగారు ఊరందరికీ ఉబ్బసమని చెప్పి, ఆయన మంచం వసారాలోకి మార్పించారు. కంచం, చెంబు విడిగా పెట్టించారు. ఎడంగా నిలబడి ఆ కంచంలో అన్నం వడ్డించింది మాత్రం నేనే. మా పిల్లవాడు తాత దగ్గరికి పరుగెత్తితే జబ్బ పట్టుకుని లాక్కొచ్చిందీ నేనే.

డాక్టరుకు మాత్రం అనుమానంగానే ఉంది. క్షయలో వచ్చే నీళ్లు మామూలుగా లేత పసుపుగా ఉంటాయట. ఈయనవి నెత్తురు కలిసి ఎర్రగా వస్తున్నాయి. తీసిన కొద్ది రోజులకే మళ్లీ నిండుతున్నాయి. ఎంత వెతికినా క్షయ క్రిములు కనపడలేదు. గుంటూరు పెద్దాసుపత్రిలో మైక్రోస్కోపు కింద చూడాలని ఆ నీళ్లు ఒక సీసాలో పట్టి ఇచ్చాడు.

మా ఆయన ఆ సీసాను తువ్వాలులో చుట్టుకుని రైలెక్కారు. పక్కనున్న పెద్దమనిషి "ఏందయ్యా అది?" అంటే "ద్రాక్షారిష్టం" అన్నారట. ఇంటికొచ్చి చెబితే అందరం పడీపడీ నవ్వాం. వసారాలోకి వినపడుతుందన్న ఆలోచన ఒక్కరికీ లేదు.

ఫలితం తెలుసుకోవడానికి మామగారు తానూ వస్తానని పట్టుబట్టి వెళ్లారు. మా ఆయన జట్కా మాట్లాడటానికి బయటికి వెళ్లిన కాసేపట్లో అక్కడి డాక్టరు చెప్పాల్సింది మామగారికే చెప్పేశాడట. శావల్యాపురంలో రైలు దిగి ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి మామగారు ఒకే మాట అన్నారు.

"క్షయ కాదంట."

అత్తగారు అక్కడే కూలబడి ఏడ్చారు. వెంటనే లేచి, ఇన్నాళ్లూ ఉబ్బసమని చెప్పిన సంగతే మరిచిపోయి, "వదినా, క్షయ కాదంట!" అంటూ ఇల్లిల్లూ తిరిగారు. బెల్లం పరమాన్నం వండాం. మామగారు నట్టింట్లో అందరి మధ్యా కూర్చుని తిన్నారు. మరి ఏ జబ్బని మాలో ఒక్కరమూ అడగలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పొద్దుగూకే వేళకు నాకు బుద్ధి వచ్చింది. మామగారి దగ్గరికి వెళ్లేసరికి పిల్లవాడు ఆయన పక్కలో నిద్రపోతున్నాడు.

"మరి ఏందంట మామయ్యా?"

"ఊపిరితిత్తుల మీద పొర ఉంటదంట. దానికి పుట్టిందంట, రాచపుండు. కాన్సరంటున్నారు. చానా అరుదంట, ఆ డాక్టరే ఎప్పుడూ చూళ్లేదంట. ఆ నీళ్లల్లోనే గుత్తులు గుత్తులుగా కనపడిందంట. మందు లేదు. కోతల దాకా కూడా ఉండనంట."

ఆయన మొహంలో దిగులు లేదు. నిజం చెప్పాలంటే సంతోషంగా ఉన్నారు. చావు కబురు విని మనిషి సంతోషపడే స్థితికి తెచ్చింది మేమే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పిల్లవాడికి దుప్పటి కప్పుదామని వంగాను.

ఆయన గబుక్కున వాడి మీద చెయ్యి అడ్డం వేశారు.

"వాణ్ణి తియ్యబాక అమ్మాయ్. ఇది అంటుకోదంట. డాక్టర్ని నేనడిగింది అదొక్కటే."