జానెడు సందు

బడిలో పంతులు పలక చేతికిచ్చి "రాయి" అనేవాడు. నేను రాసేవాణ్ణి కాదు. ఆ సంగతి పైన ఎవరో గుర్తుపెట్టుకున్నట్టున్నారు. ముప్పై ఏళ్లు దాటాక నన్ను తీసుకొచ్చి కరీంనగర్ పొలిమేరలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో నిలబెట్టి, రోజూ కొన్ని వందల రాళ్లు చేతికిచ్చారు. మధ్యలో డిగ్రీ పట్టా ఒకటి పుచ్చుకున్న మాట నిజమే. ఇప్పుడు పనిచేసేదీ పట్టా దగ్గరే. కాకపోతే ఇది రబ్బరుది, కదులుతుంది. మొదటి పట్టా నన్ను ఎక్కడికీ తీసుకుపోలేదు. ఇది కనీసం రాళ్లనైనా ఇరవై అడుగుల దూరం తీసుకుపోతుంది.

మా ఇంట్లో అందరూ మరమగ్గాల వాళ్లు. మగ్గం దగ్గర నా పనితనం ఎలాంటిదో వారం రోజులు చూసి మా నాన్నే నన్ను గ్రానైటుకు పంపాడు. నా చేతిలో తెగకుండా నిలిచేది ఏదైనా ఉంటే అది రాయేనని ఆయన నమ్మకం.

నా పని కడుగుడు లైను మీద. పాలిషు మిషను నుంచి వచ్చిన రాయి ఒళ్లంతా బూడిదరంగు బురదతో ఉంటుంది. దాన్ని బండి మీది నుంచి ఎత్తి పట్టా మీద పెట్టాలి. పట్టా దాన్ని పొడవాటి రేకు పెట్టెలోకి లాక్కుపోతుంది. లోపల నీళ్లు, బ్రష్షులు, ఆ తర్వాత వేడిగాలి. అవతలి కొసన రాయి తలంటుకుని, తల ఆరబెట్టుకుని, అద్దంలా బయటికొస్తుంది. అక్కడ చిచ్చా దాన్ని ఎత్తి చెక్క స్టాండులో నిలబెడతాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పది కిలోల బరువు. నేను పెట్టాలి, ఆయన తీయాలి. ఇంతకు మించి ఈ పనిలో వివరించడానికేమీ లేదు. అయినా మా వాడలో నేను 'మిషన్ ఆపరేటర్'ని.

చిచ్చా అంటే బాబాయే గానీ, ఆయన నాకు చుట్టం కాదు. అరవైకి దగ్గరపడుతున్న మనిషి కాబట్టి ఫ్యాక్టరీ అంతా ఆయన్ని చిచ్చా అనే పిలుస్తుంది. మా ఇద్దరి మధ్య ఆ రేకు పెట్టె, దాని గాలి రొద. ఒకరికొకరం కనిపించం, వినిపించం. అందుకని రాళ్ల మధ్య వదిలే సందుతో మాట్లాడుకోవడం అలవాటైంది. నాలుగు వేళ్ల సందు వదిలితే అంతా మామూలేనని అర్థం. మూరెడు వదిలితే మేనేజర్ నీ వైపు వస్తున్నాడు, బీడీ పారెయ్యమని. అసలు సందే లేకపోతే నాకు కోపం వచ్చిందని. నా మాట ఆయనకు చేరుతుంది గానీ ఆయన మాట నాకు తిరిగి రాదు. ఇంట్లో నా పరిస్థితికి ఇది సరిగ్గా తలకిందులు. అందుకే ఈ ఉద్యోగం నాకు నచ్చింది.

నిరుడు వానాకాలంలో చిచ్చా కుడిభుజం పట్టేసింది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి మెల్లగా పైకి జరపమని డాక్టరు చెప్పాడట. చాయ్ వేళ ఆయన గోదాము వెనక గోడ మీద బల్లిని పట్టబోతున్నవాడిలా వేళ్లు నడిపిస్తుంటే చూసి, నేను అడిగేశాను.

"ఎవ్వలకు జెప్పకు బేటా," అన్నాడు. "చెప్తివంటె 'నాలుగు దినాలు ఆరాం చెయ్యి చిచ్చా' అంటరు. గీ కంపెనీల ఆరాం అంటె గేటు అవుతలనే. ఇంట్ల కూసుంటె గీ భుజం ఒక్కటే గాదు, మొత్తం మనిషే పట్టుకపోతడు. నన్ను లైను మీద ఉండనియ్యి, గంతే."

ఆయన మాటలో అబద్ధం లేదు. మా దగ్గర ఎత్తలేనివాడికి ముందు స్టూలు వేస్తారు, ఆ తర్వాత దండ వేస్తారు. ఆ రోజు నుంచి ప్రతి రాయి వెనకా జానెడు సందు వదిలాను. ఆయన ఎడమ చేత్తో రాయిని రొమ్ముకు లాక్కుని, కుడిచెయ్యి ఊరికే ఆసరాగా పెట్టి, స్టాండులోకి జార్చేవాడు. అందుకు ఆ సందు సరిగ్గా సరిపోయేది. సాయంత్రానికి రాళ్ల లెక్క కాస్త తగ్గేది. ఆ తప్పంతా నీళ్ల మోటారు మీదికి తోసేవాళ్లం. పాపం, దానికి నోరు లేదు.

ఇలా సాగుతుండగా హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చాడు. పని ఎక్కడ మందగిస్తుందో కనిపెట్టడం ఆయన పని. మూడు రోజులు ఉంటాడట. ఫోనులో గడియారం నొక్కుకుంటూ నా పక్కనే నిలబడ్డాడు. పది రాళ్లు పోకముందే నొక్కడం ఆపేశాడు.

"ఏంటండీ ఈ గ్యాపు? బెల్టు మీద గ్యాపంటే వేస్టే కదా?"

జవాబు ఆలోచించే టైము లేదు. అలవాటు కూడా లేదు. "గ్యాప్ కాదు సార్, రాయిని చూస్తున్న," అన్నాను.

"చూడటమంటే?"

"క్వాలిటీ సార్."

ఆ మాటకు అంత మహిమ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన ముఖం వెలిగిపోయింది. నోరు జారాక ఇక ఆడి చూపించాలి కదా! తర్వాతి రాయిని ఎత్తి ఈ పక్క నుంచి చూశాను, ఆ పక్క నుంచి చూశాను, బొటనవేలితో తుడిచి ఊదాను. పెళ్లిచూపుల్లో నేను అంత తేరిపార చూసి ఉంటే మా అత్త లేచి తలుపేసుకునేది. ఇక్కడో చిన్న చిక్కుంది. ఆ రాయి ఇంకా కడగని రాయి. బురదలో ఉన్న రాయిని ఎంత దీక్షగా చూసినా కనిపించేది బురదే. ఆ సంగతి నాకు తెలుసు, రాయికి తెలుసు. సారుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మూడు రోజులూ అలా బురదను పరీక్షించాను. అవతలి కొసన చిచ్చా హాయిగా రాళ్లు దించుకున్నాడు. మూడో రోజు సాయంత్రం సారు అందర్నీ పోగుచేసి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఇదీ ఇన్‌స్పెక్షన్ మైండ్‌సెట్ అంటే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చిచ్చా కొట్టలేదు, ఆయనకు కుడిచెయ్యి అంత పైకి రాదు.

మర్నాడు నన్ను లైను మీది నుంచి ఎత్తేశారు. పెట్టే పనిలో ఉన్నవాణ్ణి, తీసేస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక రిజిస్టరు ఇచ్చి, మెడలో 'క్వాలిటీ ఇన్‌స్పెక్టర్' అనే కార్డు వేలాడదీశారు. ఇరవై రాళ్లకు ఒకదాన్ని చూడాలి, కడగకముందే. విరిగిన రాయి ఏదున్నా నా బల్ల దగ్గరికే వస్తుంది, దాని కారణం రిజిస్టరులో రాయాలి.

మొదటి పూటంతా నేను కుర్చీనే చూసుకున్నాను. అది ఇటూ అటూ తిరిగే రకం. చిచ్చా గుర్తొచ్చింది చాయ్ తాగాకే. దాచడమెందుకు, అంతకు ముందు గుర్తు రాలేదు.

నా జాగాలో ఖానాపూర్ దిక్కు మనిషిని పెట్టారు. పత్తి కాలమంతా ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో బేళ్లు దొర్లించి వచ్చినవాడు. అతని చేతికి మన పది కిలోల రాయి అప్పడంతో సమానం. ఒకదాని వెనక ఒకటి, గోడ కట్టినట్టు పెడుతున్నాడు. దగ్గరికెళ్లాను.

"తమ్మీ, రాయి రాయికి నడుమ జర సందు ఇడువు."

"ఎందుకన్నా?"

భుజం సంగతి చెప్పకూడదు. "క్వాలిటీ," అన్నాను.

"క్వాలిటీ నీ పని గదనే. పెట్టుడు నా పని. పదిహేను దినాలు చూస్తమన్నరు నన్ను. నేను సందు ఇడిస్తె వాళ్లు నన్ను ఇడుస్తరు." నవ్వుతూనే అన్నాడు, నవ్వుతూనే ఇంకో రాయి పెట్టాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలివ్వని మనిషి.

అవతలి కొసన రాళ్లు వచ్చి ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. ముందు రాయిని చిచ్చా ఎత్తేలోపే వెనక రాయి వచ్చి తగులుతుంది, ఒకదాని మూల రాలుతుంది. సాయంత్రం చాయ్ వేళ ఆయన నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏంది ఇనిస్పెక్టర్ సాబ్, నా మీద నారాజైనవా?"

"పెట్టేది నేను గాదు చిచ్చా, వేరేటోడు."

"నాకెరుకలేదా? నీ చేతి సందు నేను గుర్తువట్టనా? నువ్వు కోపం మీద పెట్టినా గూడ నడుమల ఊపిరి వీల్చుకోనిస్తుంటివి. గాయినకు నా మీద కోపం లేదు. కోపం లేకుంటనే గట్ల పెడ్తుండు. గదే పరేషాన్."

నాలుగు రోజులకు విరిగిన రాళ్లు నా బల్ల పక్కన గుట్టయ్యాయి. మేనేజర్ వచ్చి వాటిని చూశాడు, నన్ను చూశాడు. "మూలలు ఎందుకు విరుగుతున్నయో శనివారం లోపట రాసియ్యి," అని పోయాడు. మూలలు విరగడానికి మూలకారణం రాయాలన్నమాట. కారణం రాసే గడి నా బొటనవేలంత ఉంది. 'దించే మనిషి నిదానం' అని రాస్తే అందులో సరిగ్గా పడుతుంది. అది పడితే చిచ్చా గేటు బయట పడతాడు. 'రాయి నాసిరకం' అని రాద్దామంటే, ఆ రాళ్లు మంచివేనని సంతకం పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

శుక్రవారం మధ్యాహ్నం దాకా పెన్ను మూత పెట్టడం, తీయడం చేశాను. ఆఖరికి లేచి అవతలి కొసకు పోయాను. "చిచ్చా, నువ్వు జర పక్కకు నిలవడు. ఒక గంట నేను దించుత," అన్నాను.

"ఎందుకు? కుర్సీ కుచ్చుకుంటుందా?"

"ఔ, మస్తు మెత్తగుంది. అందుకే."

ఇన్నేళ్లలో ఆ కొసన నిలబడటం అదే మొదటిసారి. మొదటి పది రాళ్లు బాగానే దించాను. పదకొండోదాన్ని స్టాండులో సర్దుతుండగానే వెనక టక్కుమంది. తిరిగి చూసేలోపు ఇంకో టక్కు. అరగంటలో నాలుగు మూలలు విరగ్గొట్టాను. నడుము పట్టేసింది, వేలు ఒకటి నలిగింది. చిచ్చా బీడీ వెలిగించుకుని ఎంతో ఆనందంగా చూశాడు.

"షాబాష్ బేటా. నేను ఒక్క చేత్తోని ఇరగ్గొడుతుంటి. నువ్వు రెండు చేతులతోని ఇరగ్గొట్టినవ్."

నాకు రెండు భుజాలూ భేషుగ్గా ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి దేనికీ పెద్దగా పనికిరాని ఆ భుజాలు ఆ రోజు సాక్ష్యానికి పనికొచ్చాయి. నేను చిచ్చా కోసం దాస్తున్నాననుకున్న నిజం అసలు నిజమే కాదు. సందు లేకపోతే ఎవడు నిలబడినా రాళ్లు గుద్దుకుంటాయి. వెళ్లి గడిలో రాశాను: 'రాళ్ల మధ్య చాలినంత సందు లేదు. దించి చూసితిని. నాలుగు విరిగినవి.' అక్షరాలు గడి దాటి పక్క గడిలోకి పోయాయి, పోనీ అనుకున్నాను.

మేనేజర్ చదివి, అప్పటికప్పుడే హైదరాబాదు సారుకు ఫోను కలిపాడు, అందరికీ వినబడేట్టు.

"సార్, గ్యాపంటె వేస్ట్ అన్నరు మీరు. గిక్కడ గ్యాప్ లేకనే మాలు ఇరుగుతుందట."

మా అందరి ముఖాలూ ఆ ఫోను వైపే. అవతల సారు గొంతు సవరించుకున్నాడు. "అబ్బే, అది గ్యాప్ కాదండీ. దాన్ని స్పేసింగ్ అంటారు. స్పేసింగ్ ఉండాల్సిందే! ఎంత ఉండాలో మీ ఇన్‌స్పెక్టర్‌ని కొలిచి పంపమనండి, నేను సంతకం పెట్టి పంపిస్తాను."

ఒక ఇంగ్లీషు మాట తీసి ఇంకో ఇంగ్లీషు మాట పెట్టేసరికి, దొంగతనంగా వదిలిన సందు కాస్తా దొరబాబు అయిపోయింది.

ఎంత సందు? నాకు తెలిసిన కొలత ఒకటే. పట్టా పక్కన ఇనుప చట్రం మీద నా జాన పెట్టి చూశాను. నా చెయ్యి చిన్నది, పెన్ను పట్టడానికి చేసింది. దానికీ పనికిరాలేదు, అది వేరే సంగతి. చిచ్చాను పిలిచాను.

"చిచ్చా, నీ చెయ్యి వెట్టు గిక్కడ. ఎడమది. మంచిగ చాపు."

"ఇంకెంత చాపాలె? బిర్యానీ దేగ్చా ఎత్తుతున్ననా?"

బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా టేపు పెట్టి కొలిచాను. కాగితం మీదికి ఎక్కించేటప్పుడు పెన్ను కొంచెం ముందుకు జారింది. ఆ కాగితం హైదరాబాదు పోయి, సంతకంతో తిరిగొచ్చి, ప్లాస్టిక్ తొడుక్కుని లైను మీద వేలాడింది. చట్రం మీద పసుపు రంగు గీతలు పడ్డాయి. ఖానాపూర్ మనిషి చాలా సంతోషించాడు. "గిది ముందే కాయిదం మీద జెప్తె అయిపోవు గదనే," అని, గీత మీది నుంచి వెంట్రుకవాసి తప్పకుండా రాళ్లు పెట్టసాగాడు. పదిహేను రోజులయ్యాక అతన్నీ ఉంచేసుకున్నారు.

వారం గడిచాక చిచ్చా నా బల్ల ముందుకు వచ్చి, తలమీది టోపీ సర్దుకుని, ఆఫీసుకు వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"ఇనిస్పెక్టర్ సాబ్, ఒక ఫిర్యాదు."

"ఏంది చిచ్చా?"

"సందు మస్తు ఎక్కువైంది. ఒక రాయి తీసినంక ఇంకో రాయి వచ్చేదాంక నిద్ర వస్తుంది. జర తగ్గియ్యరాదు?"

"గది నీ జానెనే చిచ్చా."

"నా జానెకు నువ్వు రెండు వేళ్లు కలిపినవ్. నేను నా చెయ్యి పెట్టి చూసుకున్న."

"సంతకాలైనయి. ఇప్పుడు తగ్గియ్యాలంటె దరఖాస్తు వెట్టాలె."

"ఎవలకు?"

"నాకే."

ఆయన నన్ను, నా కుర్చీని, మెడలో కార్డును ఒక్కొక్కటిగా చూశాడు.

"అయితె ఉండనియ్యి. నీకు దరఖాస్తు వెట్టుకునే అంత గతి ఇంక వట్టలే నాకు."

అవతలి కొసన అప్పటికే ఒక రాయి వచ్చి ఆగి ఉంది. రెండోది ఇంకా పెట్టెలోనే ఉంది. ఆయన తొందరేమీ పడకుండా అటు నడిచాడు.