ఉక్కునగరంలో జేమ్సు చేతికందిన పాట

"ఉక్కునగరంలో మా బ్యాండు పాటలకి నాన్న రానంటున్నాడు అంకుల్. మీరొచ్చి పిలిస్తే కాదనడు." సునీత రాసిన ఈ ఉత్తరం వల్లే రెండు వేల మూడు ఫిబ్రవరిలో విశాఖ బయల్దేరాను. వాళ్ల నాన్న జేమ్సు, నేను ఐటీఐలో కలిసి చదువుకున్నాం. పోర్టుకొచ్చే విదేశీ నావికుల దగ్గర అతను సంపాదించిన న్యూ వేవ్ అనే ఇంగ్లీషు పాటల క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నాం. అంతకు రెండేళ్ల ముందు జ్వరమొచ్చి అతని చెవులు రెండూ పోయాయి.

రాజమండ్రిలో ఉదయం ఏడింటికి రైలెక్కాను. తునిలో ఇడ్లీ తిన్నాను. స్టీల్ ప్లాంటు కాలనీ అయిన ఉక్కునగరం వైపు వెళ్లేవాళ్లు విశాఖ దాకా పోనక్కర్లేదు, దువ్వాడలో దిగితే దగ్గర. పది దాటాక అక్కడ దిగి గాజువాకకి షేర్ ఆటో పట్టాను. పక్కన కూర్చున్నాయన నా సంగతి విని, "పాట కోసం ఇంత దూరమొచ్చీసారేటి బావా?" అన్నాడు.

గాజువాకలో జేమ్సు ఇంట్లో చేపల పులుసుతో భోజనం. తిన్నాక కాగితం మీద, "నాలుగింటికి పాటలు. పద" అని రాసిచ్చాను.

"సెవిటోడికి పాటలేటిరా? సునీత పాడతంటే దాని పెదాలు సూస్తా కూసోలేను" అన్నాడు.

"అంతమంది కుర్రాళ్ల మధ్య నేనొక్కణ్ణే కూర్చోలేను" అని రాశాను. ఆ కాగితం చదివి, లేచి చొక్కా మార్చుకున్నాడు.

ఉక్కునగరంలో చెట్ల నీడన క్వార్టర్లు కునుకు తీస్తున్నట్టున్నాయి. ఒక సెక్టారులో చిన్న హాలు. సునీత బేస్ గిటారు వాయిస్తూ పాడుతోంది. డ్రమ్స్ మీద అప్పలరాజు, గిటారు మీద ఇంకో కుర్రాడు. మాటలు తెలుగు. కానీ ఎక్కడో దూరంగా మోగే ఆ గిటారు, దానికి ముందు నడిచే బేస్ మా క్యాసెట్లలోవే. మంచులో ఓడ మెల్లగా కదిలిపోతున్నట్టుంది. ఆ క్యాసెట్లొచ్చేనాటికి వీళ్లు పుట్టనే లేదు.

జేమ్సు నేల చూస్తూ కూర్చున్నాడు. రెండో పాటలో అతన్ని లేపి, స్పీకరు దగ్గరికి తీసుకెళ్లి, బేస్‌కి అదురుతున్న దాని చెక్క మీద చెయ్యి పెట్టించాను. లాక్కోబోయి ఆగాడు. కాసేపటికి రెండో చెయ్యి కూడా పెట్టి కళ్లు మూసుకున్నాడు. సునీత చూసింది. గొంతు తడబడింది గానీ వేళ్లు ఆగలేదు.

పాట అవగానే ఆమె దగ్గరికొచ్చింది.

"సివర్లో తొందరపడతన్నావమ్మా" అన్నాడు జేమ్సు.

సునీత కళ్లు తుడుచుకుని, "అప్పలరాజూ, మళ్లీ మొదట్నుంచి" అంది.

స్టేషనుకి నేనొక్కణ్ణే వచ్చాను. "నువ్వెళ్లరా, ఈళ్లకింకా పాటలున్నాయి" అన్నాడు జేమ్సు, స్పీకరు వదలకుండానే.

ఆరున్నరకి రైలు. ఎక్కేసరికే చీకటి పడింది. అప్పట్లో ఆ క్యాసెట్లలో మాటలు మాకు సగం కూడా తెలిసేవి కావు, అయినా ఏదో అందేది. ఇవాళ జేమ్సుకి అందిందీ అలాంటిదే అనుకుంటాను. బండి అదురు పాదాల్లోంచి మోకాళ్లలోకి పాకుతోంది. రెండు చెవులూ మూసుకుని, సామర్లకోట దాకా దాన్నే వింటూ వచ్చాను.