దేవుడెలా నడిపిస్తే అలా

రాజాంలో మా చర్చి క్వయర్‌లో పదకొండేళ్లు గుడ్ ఫ్రైడే పాట నేనే పాడాను. పాట నాది, మిగతావాళ్లది వంత. ఆ ఏడాది కొత్తవలస నుంచి ఒకమ్మాయి వచ్చి క్వయర్‌లో చేరింది. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. మొదటి ప్రాక్టీసులో ఆమె గొంతెత్తగానే హార్మోనియం వాయించే పెద్దాయన చేతులాపేసి తలెత్తి చూశాడు. నన్ను ఇన్నేళ్లలో ఒక్కసారీ అలా చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి కూర మాడబెట్టాను.

తర్వాతి వారం ప్రాక్టీసయ్యాక చెప్పులేసుకుంటుంటే ఆమె నా పక్కకొచ్చింది.

"అక్కా, గుడ్ ఫ్రైడే పాట ఈసారి నన్ను పాడమంతన్నారు. పాడగలనంటావా? నిజం సెప్పు."

పాడగలవు అన్న ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"దానికేటున్నాదమ్మా, దేవుడెలా నడిపిస్తే అలా. గొంతొక్కటే సాలదు గదా, అనుభవం కూడా ఉండాల. నీ ఇష్టం మరి."

అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే అంత ధైర్యంగా అనగలిగాను. ఆమె ముఖం చిన్నబోయింది. డ్యూటీలున్నాయని చెప్పి క్వయర్ మానేసింది. పాస్టరుగారు "ఆ పిల్లకి ఏటైందమ్మా?" అని నన్నడిగితే, "ఏమోనండి, పనులుంటాయి కదా" అన్నాను.

గుడ్ ఫ్రైడే నాడు నేనే పాడాను. రెండో చరణంలో పైకెళ్లే చోట గొంతు జీరబోయింది. ఆమె ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని, చప్పుడు లేకుండా పెదాలు కదుపుతోంది. ఆ చోట ఆ గొంతు ఎలా మోగేదో నాకు తెలిసిపోయింది. కడుపు మండింది. సిగ్గేసింది కూడా, కానీ ముందు మండిందే.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర కనబడి, "బాగా పాడావక్కా" అంది.

చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు నాకన్నా బాగా పాడతావు. ఆవేళ అది సెప్పడం ఇష్టంలేక దేవుడి మీదికి తోసేశాను."



"నీ మాట నమ్మీసి ఇంటికాడ పాడ్డం కూడా మానీసినానక్కా."

పరవాలేదని అనలేదు. చెయ్యి విడిపించుకుని ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రమే పాస్టరుగారికి జరిగింది చెప్పాను. ఆయనే వెళ్లి ఆమెను పిలుచుకొచ్చారు. ఈస్టర్‌కి ఆమె పాడింది, నేను వెనక వరసలో వంత పాడాను. ఇప్పటికీ ఆమె పాట ఎత్తుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎలా ఉందక్కా అని మాత్రం ఆమె నన్ను అడగదు. పక్కనున్నావిడను అడుగుతుంది.